మూడు డిబేట్లలోనూ రాని ప్రశ్న

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను పెన్సిల్వేనియాలో, చెస్టర్ కౌంటీలో ఉంటాను. ఈ 2024 సెప్టెంబర్ 10న ట్రంప్, హ్యారిస్ డిబేట్ జరిగిన ఫిలడెల్ఫియా నేషనల్ కాన్‌స్టిట్యూషన్ సెంటర్ మా ఇంటికి కారులో గంట దూరం. దాని మీద మీ పత్రికలో వచ్చినవన్నీ చదివాను. ఎవరు గెలిచారు, ఎవరు తడబడ్డారు, చెయ్యి ముందు ఎవరు చాపారు, హ్యారిస్ చెవిపోగులు రహస్య ఇయర్‌ఫోన్లంటూ లేచిన పుకారు, అన్నీ ఉన్నాయి. ట్రంప్ ఉపాధ్యక్ష అభ్యర్థి వాన్స్ భార్య ఉష పూర్వీకులది మన వడ్లూరు అని అరపేజీ వేశారు. సంతోషమే. కానీ ఈ ఎన్నికకు జరిగిన మూడు డిబేట్లలోనూ ఏం అడగలేదో, అంటే పెద్దవాళ్ళని చూసుకునే ఖర్చు సంగతి, ఎవరూ రాయలేదు. అందుకే ఈ ఉత్తరం. ఎన్నిక ఇంకా ఆరు రోజులుంది, ఈలోపు వేస్తారో తర్వాత వేస్తారో మీ ఇష్టం.

ముందు నా సంగతి. నేను ఇండిపెండెంట్ ఓటర్ని. ఈ మాట చెబితే మా చుట్టాలు "ఏ గుర్తు మీద నిలబడుతున్నావేంటి?" అని ఎగతాళి చేస్తారు. మనవాళ్ళకు ఇండిపెండెంట్ అంటే నామినేషన్ వేసే మనిషే గుర్తొస్తాడు కదా. ఇక్కడ ఓటు నమోదు చేసుకునేటప్పుడు ఏ పార్టీ అని అడుగుతారు. నేను ఏ పార్టీ కాదు అనే గడిలో టిక్కు పెట్టాను. 2011లో సిటిజన్‌షిప్ వచ్చింది. ఇప్పటికి మూడు అధ్యక్ష ఎన్నికల్లో ఓటేశాను, రెండు పార్టీలకూ వేశాను. ఎప్పుడు ఎవరికి వేశానో మా ఆయనకే చెప్పలేదు, మీకేం చెప్తాను.

నాలాంటి వాళ్ళు తక్కువేం కాదు. గాలప్ సర్వేల్లో నిరుడు 43 శాతం మంది తాము ఇండిపెండెంట్లమనే చెప్పుకున్నారు. అయినా మా రాష్ట్రంలో ప్రైమరీ ఎన్నికల్లో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే హక్కు మాకు లేదు. రిపబ్లికన్‌గా నమోదైన వాళ్ళు రిపబ్లికన్‌ని, డెమోక్రాట్లు డెమోక్రాట్‌ని ఎంచుకుంటారు. మేం చూస్తూ ఉండాలి. 2021 మేలో మాత్రం నన్ను రమ్మన్నారు. గవర్నర్ ఎమర్జెన్సీ అధికారాలు తగ్గించాలా వద్దా వంటి ప్రశ్నలు బ్యాలట్ మీద ఉన్నాయి, వాటికి ఎవరైనా ఓటెయ్యొచ్చు. నా చేతికిచ్చిన బ్యాలట్ చూస్తే ప్రశ్నలే గానీ పార్టీ అభ్యర్థి పేరొక్కటీ లేదు. పెళ్ళికి పిలిచి విస్తరి ముందు కూర్చోబెట్టకుండా తాంబూలం మాత్రం ఇచ్చి పంపినట్టు.

నవంబర్ దగ్గరపడేసరికి మాత్రం మేమే మహారాజులం. అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓట్లు 19 ఉన్న రాష్ట్రం, ఎటు మొగ్గుతుందో తెలియని రాష్ట్రం. సెప్టెంబర్ నుంచి మా మెయిల్‌బాక్స్‌లో పడ్డ ప్రచార కార్డులన్నీ ఒక చెప్పుల డబ్బాలో వేస్తూ వచ్చాను. డబ్బా మూత పట్టక రబ్బర్ బ్యాండ్ వెయ్యాల్సి వచ్చింది. నిన్న సాయంత్రం కూర్చుని అన్నీ తిరగేశాను: బోర్డరు, అబార్షన్, పన్నులు, ఫ్రాకింగ్ (నేల లోపలి రాళ్ళు పగలగొట్టి గ్యాస్ తీయడం). పెన్సిల్వేనియా ఓటరంటే పొద్దున లేస్తే ఫ్రాకింగ్ గురించే కలవరిస్తాడని రెండు పార్టీలకూ ఎవరో గట్టిగా చెప్పి ఉంటారు. ఆ గ్యాస్ బావులుండేది రాష్ట్రానికి ఉత్తరాన, పడమరన. మా వీధిలో ఎవరి నోటా నేనా మాట వినలేదు. మా వీధిలో వినిపించే మాట వేరే.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం రాత్రి మా అత్తయ్య బాత్రూంలో జారిపడింది. ఆవిడకు 79 ఏళ్ళు. అంబులెన్స్ వచ్చింది, ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కటి ఎముకలో సన్నని పగులుందని, ఆపరేషన్ అక్కర్లేదని, నొప్పి తగ్గేదాకా ఉంచుతామని చెప్పారు. వార్డులో మంచం ఇచ్చారు, చేతికి పట్టీ కట్టారు, మూడు పూటలా భోజనం పెట్టారు. నేను పక్కన కుర్చీలో పడుకున్నాను. శుక్ర, శని, ఆది, మూడు రాత్రులు. సోమవారం మధ్యాహ్నం కేస్ మేనేజరు వచ్చి, ఇంటికి పంపితే మళ్ళీ పడిపోతుంది, కొన్ని వారాలు రీహాబ్‌లో ఉండి నడక నేర్చుకోవాలి అంది. పెద్దవాళ్ళకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా, మెడికేర్, ఉంది కదా అన్నాను. ఆ అమ్మాయి ఫైలు చూసి, గొంతు కాస్త తగ్గించి, "ఆవిడ ఇన్‌పేషెంట్ కాదండీ, అబ్జర్వేషన్" అంది.

నాకు అర్థం కాలేదు. మూడు రాత్రులు మంచం మీద ఉన్న మనిషి ఆసుపత్రిలో చేరకపోవడమేంటి?

అంతేనట. మెడికేర్ రీహాబ్ ఖర్చు భరించాలంటే అంతకుముందు కనీసం మూడు రోజులు ఆసుపత్రిలో ఇన్‌పేషెంట్‌గా చేరి ఉండాలి. 1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం పెట్టిన అసలు చట్టంలోనే ఈ మూడు రోజుల షరతుంది. అబ్జర్వేషన్‌లో ఎన్ని రాత్రులున్నా ఆ లెక్కలోకి రావు. మంచం అదే, నర్సు అదే, సెలైన్ సీసా అదే. ఫైలు మీద మాట ఒక్కటే తేడా. కోవిడ్ ఎమర్జెన్సీ ఉన్నన్నాళ్ళూ ఈ షరతు పక్కన పెట్టారు. ఆ ఎమర్జెన్సీ 2023 మే 11న ముగిసింది. మా అత్తయ్య తొమ్మిది నెలలు ముందు జారిపడి ఉంటే సరిపోయేది!

తప్పు నాది కూడా ఉంది, దాచుకోను. శనివారం రాత్రి ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నారు. మీరు అబ్జర్వేషన్‌లో ఉన్నారు, దీనివల్ల రీహాబ్ ఖర్చు మీ మీద పడొచ్చు అని ఆ కాగితంలోనే ఉంది. రోగి ఇరవై నాలుగు గంటలు దాటి అలా ఉంటే ఆ నోటీసు ఇచ్చి తీరాలని చట్టం. ఇచ్చారు. నేను చదవకుండా పెట్టేశాను. అత్తయ్య నొప్పితో మూలుగుతుంటే ఎవరు చదువుతారు? ఇంత చేసీ, ఒక చిన్న కంపెనీలో జీతాల లెక్కలు చూడడం నా ఉద్యోగం, కాగితాలు చదవడమే నా పని.

లెక్క కూడా చెప్పాలి, అది లేకపోతే నా ఉత్తరానికి అర్థం లేదు. రీహాబ్‌లో 24 రోజులుంది, రోజుకు 450 డాలర్లు. మొత్తం 10,800. ఆవిడ ఇన్‌పేషెంటయి ఉంటే మొదటి 20 రోజులకు మేం ఒక్క డాలరు కట్టక్కర్లేదు. ఇరవై ఒకటో రోజు నుంచి రోజుకు 204 డాలర్లు, నాలుగు రోజులకు 816. మెడికేర్ ఏమైనా ఊరికే వచ్చిందా అంటే అదీ కాదు. ఆవిడ 2013లో గ్రీన్‌కార్డు మీద వచ్చింది, ఇక్కడ ఉద్యోగం చేయలేదు. అలాంటివాళ్ళు ఐదేళ్ళు ఉన్నాక ప్రీమియం కట్టి కొనుక్కోవాలి. ఈ 2024లో ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఏకి నెలకు 505 డాలర్లు, డాక్టర్ల ఖర్చులు చూసే పార్ట్ బీకి 174 డాలర్ల 70 సెంట్లు. అమ్మానాన్నల్ని తెచ్చుకుని దగ్గర పెట్టుకున్న మన తెలుగు కుటుంబాలన్నిటికీ ఈ అంకెలు నోటికొచ్చు. నెలనెలా కడుతూనే ఉన్నాం, అవసరమొచ్చిన రోజున మాత్రం ఒక్క మాట తేడాతో చేతులెత్తేశారు. రీహాబ్ వాళ్ళు నెలకు 600 చొప్పున పద్దెనిమిది వాయిదాలకు ఒప్పుకున్నారు, అదొక్కటే మేలు.

ఇదంతా మనసులో పెట్టుకునే మూడు డిబేట్లూ చూశాను. మా ఇంట్లో హాల్లో, అత్తయ్య వాకర్ పక్కన పెట్టుకుని కుర్చీలో, నేను కింద కార్పెట్ మీద.

జూన్ 27న అట్లాంటాలో బైడెన్, ట్రంప్. ఎదురుగా జనం లేరు, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరి మైకు కట్. పిల్లల డేకేర్ ఖర్చులు తగ్గించడానికి ఏం చేస్తారని అడిగితే ట్రంప్ తను ఎవరెవర్ని ఉద్యోగంలోంచి తీసేశాడో చెప్పుకొచ్చారు. సోషల్ సెక్యూరిటీ నిధి ఇలాగే ఉంటే ఇంకో పదేళ్ళలో పెన్షన్లు తగ్గించాల్సి వస్తుంది, దానికి ఒక్క నిర్దిష్టమైన చర్య చెప్పండన్నారు. ఒకాయన ధనవంతులు కట్టాలన్నారు, ఇంకొకాయన వలస వచ్చినవాళ్ళు మింగేస్తున్నారన్నారు. అంతే, అయిపోయింది. గోల్ఫ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. నేను రెండు క్లబ్ ఛాంపియన్‌షిప్‌లు గెలిచానని ఒకరు, నీ బ్యాగు నువ్వే మోసుకుంటే ఆటకు నేను సిద్ధమని ఇంకొకరు. ఆ ఇద్దరి వయసూ మా అత్తయ్య వయసుకు అటూ ఇటూగానే ఉంటుంది. ముసలితనంలో మనిషికి ఎవరు తోడుంటారు, ఎవరు డబ్బు కడతారు అని వాళ్ళని అడగడం కంటే తేలికైన ప్రశ్న ఉంటుందా?

సెప్టెంబర్ డిబేట్‌లో, ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వలస వచ్చినవాళ్ళు కుక్కల్ని తింటున్నారని ట్రంప్ ఆధారం లేని మాట ఎత్తింది మీకు తెలిసిందే. అత్తయ్యకు ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా అర్థమవుతుంది. "కుక్కల గొడవేమిటే మధ్యలో?" అంది. నేను చెప్తుంటే ఇంకో రెండు సమాధానాలు అయిపోయాయి. హ్యారిస్ మందుల ఖర్చుకు ఏడాదికి 2,000 డాలర్ల పరిమితి గురించి, ఇన్సులిన్ 35 డాలర్ల గురించి చెప్పారు. అది మంచి విషయమే, మాకూ పనికొస్తుంది. హెల్త్ కేర్ మీద ట్రంప్ దగ్గర ప్లాన్ తాలూకు ఆలోచనలున్నాయట. అక్టోబర్ 1న న్యూయార్క్‌లో ఉపాధ్యక్ష అభ్యర్థులు వాన్స్, వాల్జ్ మర్యాదగా మాట్లాడుకున్నారు, ఇళ్ళ ధరల మీద, జీతంతో సెలవు మీద ప్రశ్నలు కూడా వచ్చాయి. మూడిట్లో నాకు నచ్చింది అదే. కానీ పెద్దవాళ్ళని చూసుకోవడం, దానికయ్యే ఖర్చు, ఈ మాట మూడు రాత్రుల్లో ప్రశ్నగా ఒక్కసారీ రాలేదు. నర్సింగ్ హోమ్ ఖర్చు ఏడాదికి లక్ష డాలర్లు దాటే దేశం ఇది. మెడికేర్ అందులో దీర్ఘకాలపు సంరక్షణకు పైసా ఇవ్వదు. ఉన్నదంతా కరిగిపోయి చేతులు ఖాళీ అయ్యాక గానీ పేదవాళ్ళ ప్రభుత్వ బీమా మెడికెయిడ్ పలకదు.

ఎందుకు అడగలేదని చాలా రోజులు ఆలోచించాను. ఛానెళ్ళ మీద, యాంకర్ల మీద కోపం తెచ్చుకున్నాను కూడా. తర్వాత నాకు తోచింది ఇది. ఆ రెండు పార్టీలూ కొట్టుకునే విషయాల మీదే ప్రశ్నలు వస్తాయి. ఇద్దరూ కొట్టుకోని విషయం డిబేట్‌కు పనికిరాదు, అందులో మజా లేదు. అబ్జర్వేషన్ సంగతే చూడండి. ఆ రాత్రుల్ని కూడా మూడు రోజుల లెక్కలో కలపాలని కనెక్టికట్ నుంచి కాంగ్రెస్ సభ్యుడైన డెమోక్రాట్ జో కోర్ట్నీ ఏళ్ళ తరబడి బిల్లు పెడుతూనే ఉన్నారు. రిపబ్లికన్లు కూడా దాని మీద సంతకం చేశారు. బహిరంగంగా వద్దన్న నాయకుణ్ణి నేను చూడలేదు. వద్దనేవాడు లేడు కాబట్టి గొడవ లేదు, గొడవ లేదు కాబట్టి ప్రశ్న లేదు, ప్రశ్న లేదు కాబట్టి బిల్లు అలాగే ఉంది. ఈ నెలలో మెడికేర్ వాళ్ళు ఒక కొత్త నిబంధన తెచ్చారు. ముందు ఇన్‌పేషెంట్‌గా చేర్చుకుని తర్వాత అబ్జర్వేషన్‌కు మార్చినవాళ్ళలో కొందరు అప్పీలు చేసుకోవచ్చట. ఆశగా చదివాను. మా అత్తయ్యని అసలు చేర్చుకోనేలేదు కదా, మాకు వర్తించదు.

పూర్వం కనీసం మామూలు జనం లేచి అడిగే డిబేట్ ఒకటుండేది. 1992 అక్టోబర్‌లో రిచ్‌మండ్‌లో బుష్, క్లింటన్, పెరో ముగ్గురూ స్టూళ్ళ మీద కూర్చుంటే ఒక యువతి లేచి, దేశం అప్పులు మీ సొంత జీవితాన్ని ఎలా తాకాయని అడిగింది. బుష్‌కి ప్రశ్నే అర్థం కాలేదు. ఆ రాత్రే ఆయన గడియారం చూసుకోవడం కెమెరాకు చిక్కింది. ఏ యాంకరూ అడగని తీరులో అడిగిన ప్రశ్న అది. పెరో ఏ పార్టీ మనిషీ కాదు, ఆయన్నీ ఆ వేదిక మీద కూర్చోబెట్టారు, ఆ నవంబర్‌లో దాదాపు 19 శాతం ఓట్లొచ్చాయి. నాలుగేళ్ళ తర్వాత పిలవలేదు. 2016లో సెయింట్ లూయిస్‌లో ఎర్ర స్వెటర్ వేసుకున్న ఒకాయన ఇంధన విధానం మీద చక్కగా అడిగాడు. దేశమంతా స్వెటర్ గుర్తుపెట్టుకుంది, జవాబు నాకూ గుర్తులేదు. ఏదైతేనేం, అధ్యక్ష అభ్యర్థుల మధ్య అలాంటి టౌన్‌హాల్ డిబేట్ అదే ఆఖరు. 2020లో రద్దయింది. ఈసారి ఇన్నాళ్ళూ డిబేట్లు నడిపిన కమిషన్‌నే పక్కన పెట్టి, రెండు వర్గాలూ ఛానెళ్ళతో మాట్లాడుకుని తమకు నచ్చిన పద్ధతి కుదుర్చుకున్నాయి. జనం లేని హాల్లో జనం ప్రశ్నలు ఎలా వస్తాయి?

ఇంకో విచిత్రం. డిబేట్లన్నీ ముగిశాక ఇద్దరికీ పెద్దవాళ్ళు గుర్తొచ్చారు. అక్టోబర్ 8న హ్యారిస్ ఒక పగటిపూట టీవీ షోలో, ఇంట్లో ఉండే వృద్ధుల సంరక్షణకు మెడికేర్ డబ్బిచ్చేలా చేస్తానన్నారు. మొన్న ఆదివారం న్యూయార్క్ సభలో ట్రంప్, ఇంట్లో పెద్దవాళ్ళని చూసుకునేవాళ్ళకు కట్టాల్సిన పన్నులో తగ్గింపు ఇస్తానన్నారు. రెండూ వినడానికి బాగున్నాయి. మందుల ధరల బేరంలో మిగిలిన డబ్బుతో చేస్తానని ఆవిడ అంటున్నారు, ఆ మిగులు నిజంగా సరిపోతుందా? పన్నే కట్టేంత ఆదాయం లేని కోడలికి మీ తగ్గింపు ఎందుకు పనికొస్తుందని ఆయన్ని ఎవరైనా అడిగారా? ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఈ రెండు మాటలు అడగాల్సిన చోటు డిబేటే. ఆ చోటు ఈ ఏటికి అయిపోయింది. ఒకరు టీవీ షోలో కూర్చుని చెప్పారు, ఇంకొకరు తన అభిమానుల మధ్య నిలబడి చెప్పారు. ఎదురు ప్రశ్న లేదు.

దసరాకు మా స్నేహితుల ఇంట్లో ఈ మాటే ఎత్తితే ఒకాయన నవ్వి, "మీ బాత్రూం గొడవ దేశాధ్యక్షుడికెందుకండీ? అడిగితే మన గ్రీన్‌కార్డుల గురించి అడగాలి" అన్నారు. ఆయన మాటా తీసిపారేసేది కాదు. ఏ దేశానికైనా ఏడు శాతమే అన్న పరిమితి వల్ల మనవాళ్ళు దశాబ్దాలు ఎదురు చూస్తున్నారు, చిన్నప్పుడు వచ్చిన పిల్లలు 21 నిండగానే తల్లిదండ్రుల వీసాలోంచి జారిపోతున్నారు. మూడు డిబేట్లలోనూ వలసల మీద అంత అరుచుకున్నారు కదా, సక్రమంగా వచ్చి వరుసలో నిలబడ్డవాళ్ళ గురించి ఒక్క ప్రశ్న వచ్చిందా? రాలేదు. కాబట్టి ఆయనా నేనూ ఒకే బెంచీ మీద ఉన్నాం. తేడా ఏమిటంటే, బాత్రూంలో జారిపడ్డానికి వీసా అక్కర్లేదు. మా వీధి చివర ఉండే ఐరిష్ ముసలాయన కొడుక్కి కూడా నిరుడు ఇదే అబ్జర్వేషన్ బిల్లు వచ్చిందట. తండ్రి ఇంటిని అమ్మకానికి పెట్టే ఆలోచనలో ఉన్నాడు. ఆయన ఇంటి ముందున్న బోర్డు మీద ఏ పార్టీ పేరుందో రాయను.

తొంభై నిమిషాల్లో అన్నీ పట్టవని నాకూ తెలుసు. అన్నీ అడగమని అనడం లేదు. గోల్ఫ్‌కు దొరికిన సమయం దొరికితే చాలు.

వచ్చే మంగళవారం మా ప్రాథమిక పాఠశాల జిమ్‌లో ఓటేస్తాను. ఎవరికో తేల్చుకున్నాను. వాయిదాలు ఇంకా పది ఉన్నాయి. ఈలోపు మీకో మనవి. రెండు పార్టీల తరఫునా తెలుగు వాలంటీర్లు వారాంతాల్లో జూమ్ మీటింగులు పెడుతున్నారు, మీ విలేకరులు వాటికి వెళ్ళి వార్తలు రాస్తున్నారు. ఈ శనివారం వెళ్ళినప్పుడు ఎవరు గెలుస్తారని అడగడం అయ్యాక, ఇది కూడా అడిగి వాళ్ళ జవాబు ఉన్నదున్నట్టు వెయ్యండి: ఆసుపత్రి మంచం మీద మూడు రాత్రులు పడుకున్న మనిషి ఆసుపత్రిలో చేరినట్టా, కాదా?

ఇట్లు,
ఒక ఇండిపెండెంట్ ఓటరు
చెస్టర్ కౌంటీ, పెన్సిల్వేనియా
అక్టోబర్ 30, 2024